చెప్పుల సాముద్రికం

ముఖం చూసి మనిషిని అంచనా కట్టడం పాతకాలపు పద్ధతి. మోటారుసైకిల్ షోరూముల్లో ఆ విద్య పాదాల దాకా దిగింది. అద్దాల తలుపు తోసుకుని ఎవరు లోపలికొచ్చినా అక్కడి కుర్రాడి చూపు ముందు నేలమీద పడుతుంది. షూ అయితే "రండి సార్, కూర్చోండి", వెనకాలే కూల్‌డ్రింక్. తోలు చెప్పులైతే "చెప్పన్నా". రబ్బరు చెప్పులైతే "ఏం కావాలి బాబాయ్?" వాటికి మట్టి కూడా అంటిందా, ఇక సెల్‌ఫోన్‌లోంచి తల లేవదు, "సర్వీసింగైతే వెనక గేటు" అని చెయ్యి మాత్రం లేస్తుంది.

ఈ శాస్త్రం పట్నాల్లో ఫలిస్తుందేమో గానీ ఖమ్మం జిల్లా సత్తుపల్లిలో బొత్తిగా పారదు. అశ్వారావుపేట, అప్పారావుపేట ఫ్యాక్టరీలకు పామాయిల్ గెలలు తోలి వచ్చే రైతు లుంగీమీదే ఉంటాడు. గెలల డబ్బు మాత్రం బ్యాంకు ఖాతాలో ఉంటుంది. సింగరేణి జేవీఆర్ ఓపెన్‌కాస్ట్ బొగ్గు గనిలో షిఫ్టు దిగి వచ్చిన కార్మికుడివి బూట్లే, కాకపోతే బొగ్గు నుసి పట్టినవి, అందుకని సగం మార్కులే. 2025 దసరా ముందు సింగరేణి లాభాల్లో 34 శాతం కార్మికుల వాటాగా ప్రకటించారు. పర్మినెంటు కార్మికులకు సగటున తలకు 1,95,610 రూపాయలు. కౌంటర్లో కుర్రాడు మొహం తిప్పుకున్నది ఆ బూట్ల మీదినుంచే!

తన జీతంతో బండి కొనుక్కుందామని వచ్చిన ఆడమనిషి సంగతైతే ఆ శాస్త్రంలో ఏ అధ్యాయానికీ అందదు. డబ్బు ఆవిడది, మైలేజీ వివరాలు మాత్రం వెంట వచ్చిన తమ్ముడికి. గేర్ల బండి అడిగితే "స్కూటీ చూడండి మేడం" అని దారి మళ్లిస్తారు.

ఈ శాస్త్రం బోర్లాపడ్డ ఘట్టం 2022 జనవరిలో కర్ణాటకలోని తుమకూరులో దేశమంతా చూసింది. పికప్ బండి కొందామని వెళ్లిన రైతును, జేబులో పది రూపాయలు కూడా ఉండవంటూ షోరూం మనిషి ఎగతాళి చేశాడు. రైతు గంటలోపే పది లక్షలు తెచ్చి ముందు పెట్టి, బండి ఇమ్మన్నాడు. ఇవ్వడానికి అప్పటికప్పుడు బండి లేదు! చివరికి కంపెనీయే విచారం వెలిబుచ్చాల్సి వచ్చింది.

పాపం తెలివితక్కువ కుర్రాళ్లు అని నవ్వి వదిలేయొచ్చు. కానీ ఇందులో వ్యాపారముంది. గుమ్మంలో చిన్నబోయినవాడు కౌంటర్ దగ్గర లెక్క అడగడు. అరగంట నిలబెట్టి కుర్చీ చూపిస్తే అదే మహాప్రసాదమనుకుని, చూపించిన చోటల్లా సంతకం పెడతాడు. మొదటి ప్రశ్న "ఫైనాన్సా, క్యాషా?" క్యాషంటే మొహం మాడుతుంది, ఫైనాన్స్‌లో వచ్చే కమిషన్ పోయింది కదా మరి. అప్పు చెయ్యనివాణ్ణి దొంగను చూసినట్టు చూసే చోటు ఇదొక్కటే. తర్వాత కాగితం వస్తుంది. లైఫ్ టాక్స్, ఇన్సూరెన్స్ దాటాక కింద ఒక వరుస.

"ఈ హ్యాండ్లింగ్ చార్జీలేంటి తమ్ముడూ?"

"బండి గోడౌన్ నుంచి ఇక్కడిదాకా తేవాలి గదా బాబాయ్."

"బండి అమ్మేది మీరే గదా?"

"అందరూ కడుతున్నారు బాబాయ్."

ఈ చివరి వాక్యానికి మించిన చట్టం షోరూములో లేదు. గార్డు, సీటు కవరు, హెల్మెట్ దానికిందే జమ అవుతాయి.

బయట మాత్రం వేరే చట్టాలున్నాయి. ద్విచక్ర వాహనం కొన్నప్పుడు బీఐఎస్ ప్రమాణాల హెల్మెట్‌ను తయారీదారే ఇవ్వాలని కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 138వ నిబంధన చెబుతుంది. 2018 సెప్టెంబర్ 1 నుంచి కొత్త బండికి ఐదేళ్ల థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ తప్పనిసరే, కానీ ఏ కంపెనీలో చేయించుకోవాలన్నది కొనేవాడి ఇష్టం. అది కొంటేనే ఇది అమ్ముతామనడం 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం తప్పు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయొచ్చు. వినకపోతే ఖమ్మంలో జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. కొన్న సరుకు 5 లక్షల లోపుదైతే ఫిర్యాదుకు ఫీజు కూడా లేదు.

మర్యాద చెయ్యకపోతే శిక్ష వేసే సెక్షన్ వీటిలో ఎక్కడా లేదు. కాబట్టి మర్యాదను అడుక్కోవద్దు. ఎవరూ చెప్పకపోయినా కుర్చీ లాక్కుని కూర్చోండి. ఏ పద్దుకెంతో విడివిడిగా రాసి, షోరూం ముద్ర వేసి ఇమ్మనండి. ముద్ర పడాలనేసరికి హ్యాండ్లింగ్ వరుస దానంతటదే చెరిగిపోయే అవకాశం ఎక్కువ.

షోరూం యజమానులకూ ఒక మనవి. 2025 సెప్టెంబర్ 22 నుంచి 350 సీసీ లోపు బళ్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది, మీ చిన్నచూపు మాత్రం పాత రేటులోనే ఉంది. మర్యాదగా మాట్లాడటం మీకంత ఖర్చయితే దాన్నీ ఎక్స్‌ట్రా ఫిట్టింగుల్లో వేసి, ధర రాసి గోడకు తగిలించండి. పద్దెనిమిది శాతం కలిపి కడతాం. రశీదు మాత్రం ఇవ్వాలి.