కుడికాలి బూటు వాంగ్మూలం

2008 అక్టోబరు నుంచి నేను ఏట్లో కాలు పెట్టలేదు. కాలు ముసలాయనది, నేను ఉత్త బూటును. అయినా నీళ్లలోకి ముందు దిగేది నేనే కనక ఆ మాట అనే హక్కు నాకుంది. న్యూజిలాండ్ దక్షిణ దీవికి అడుగున, సౌత్‌లాండ్‌లో, ఓ ఇంటి గరాజులో మేకుకు వేలాడుతున్నాను. పక్క మేకుకు ఎడమకాలిది. వాడు మాట్లాడడు.

నా అడుగున ఉన్నది రబ్బరు కాదు, ఫెల్ట్. నేసిన గుడ్డ కాదది. పీచును ఒత్తి ఒత్తి మందంగా చేసిన మెత్త. ఈకలూ దారమూ చుట్టిన దొంగ పురుగును ఏట్లో నిలబడి ట్రౌట్ చేప ముందుకు విసరాలంటే, గాలం కర్ర కన్నా ముందు కాలికింద పట్టు కావాలి. పాకుడు రాళ్ల మీద రబ్బరు జారుతుంది. నేను పాచిని నొక్కి, దాని కింది రాయిని అందుకుంటాను. నా పీచు సందుల్లోకి నీరూ ఇసకా పాచీ అన్నీ దూరతాయి. అలా దూరనిస్తాను కాబట్టే నాకా పట్టు.

అప్పట్లో ముసలాయన సామాను శుభ్రం చేసే తీరు చూస్తే నాకు కడుపు మండేది. ఏటి నుంచి రాగానే మొదటి మర్యాద రీలుకి. మంచినీళ్లతో కడిగి, తుడిచి, బిగింపు వదులు చేసి, ఇరుసు మీద ఒకే ఒక్క చుక్క నూనె. ‘ఎక్కువ పోస్తే ఇసకను పిలిచినట్టే’ అనేవాడు. తర్వాత లైను. సబ్బునీళ్లలో ముంచిన గుడ్డను పిడికిట్లో పట్టుకుని దాని మధ్య నుంచి బారలు బారలుగా లాగితే గుడ్డ మీద నల్లటి చార పడేది. ఆ మురికి ఉంటే లైను సరిగా తేలదు, విసిరితే దూరం పోదు. కర్ర ముక్కల అతుకులకు కొవ్వొత్తి మైనం. తడి కర్రను గొట్టంలో పెట్టి మూతేస్తే పూత పొక్కుతుందని రాత్రంతా గోడకు ఆనించేవాడు. కొక్కేలు తుప్పు పట్టకుండా ఆ దొంగ పురుగుల పెట్టెకు కూడా మూత తీసి గాలి పోసేవాడు. నాకేమో గుమ్మం పక్కకు ఒక తన్ను. మర్నాటికీ తడిగానే ఉండేవాణ్ని. ఆ తడితోనే మళ్లీ బండెక్కేవాణ్ని, ఇంకో ఏటికి.

నా కేసంతా ఆ తడి మీదే.

2004 అక్టోబరులో దిగువ వైయావు నదిలో ఒక కొత్త నాచు కనపడింది. డిడిమో అంటారు. ఉత్తరార్ధగోళపు చన్నీటి నదుల్లో పుట్టింది. కంటికి ఆనని ఒంటి కణం. రాతిని కరుచుకుని కాడ వేస్తుంది. కాడలు పెనవేసుకుని ఏటి అడుగంతా గోధుమరంగు దుప్పటి కప్పేస్తాయి. ఇక్కడివాళ్లు దాన్ని రాతి చీమిడి అంటారు. పేరుకే చీమిడి, పట్టుకుంటే తడి దూదిలా ఉంటుంది. విచిత్రమేమంటే, అది విరగబడి పెరిగేది మురికి నీళ్లలో కాదు, ఫాస్ఫరస్ బహు తక్కువగా ఉన్న తేట నీళ్లలో. కొత్త ఏటిని పట్టడానికి బతికున్న కణం ఉన్న ఒక్క నీటిబొట్టు చాలు.

ఆ నెలలో ఒక శనివారం మేం వైయావులో ఉన్నాం. ఆదివారం ఒరెటిలో. తర్వాత ఒరెటిలోనూ డిడిమో బయటపడింది. నేనే మోశానని ఎవరూ అనలేదు. ఎన్నెన్ని బూట్లు, పడవలు, తడిసిన కుక్కలు ఆ రెండు నదుల మధ్య తిరగలేదు! కానీ ఆ రాత్రి నా పీచులో ఏముందో నాకు మాత్రం ఎలా తెలుస్తుంది?

2005 చివర్లో దక్షిణ దీవి మొత్తాన్నీ నియంత్రిత ప్రాంతంగా ప్రకటించారు. చూడు, కడుగు, ఆరబెట్టు అని ఊదరగొట్టారు. అంట్లు తోమే సబ్బు 5 శాతం కలిపిన నీళ్లు రీలుకీ కర్రకీ ఒక్క నిమిషం చాలన్నారు. నాలాంటి పీల్చే సరుకునైతే చాలాసేపు నానబెట్టాల్సిందే. ఆరబెట్టడానికీ లెక్కుంది: ముట్టుకుంటే పొడిగా తగిలాక, అక్కణ్నుంచి ఇంకో 48 గంటలు. అలా నాకూ మర్యాద మొదలైంది. బక్కెట్టు, వేణ్ణీళ్లు, వంటింట్లోంచి సబ్బు సీసా. ‘గిన్నెలకేమైనా మిగిల్చేదుందా?’ అని లోపల్నుంచి ముసలావిడ కేక. మూడేళ్లు కడిగాడు పాపం. అయితే నా లోపలి పొర ఎప్పుడు ఆరిందో ఆయనకూ తెలిసేది కాదు, నాకూ తెలిసేది కాదు. అందుకే చేపలు పట్టేవాళ్లకు ఫెల్ట్ అడుగులే వద్దన్నారు.

కోపం లేదనను. ట్రౌట్ మాత్రం ఇక్కడిదా? 1864లో ఇంగ్లండు నుంచి నాచు మీద పరిచిన గుడ్లు మంచుగడ్డల మధ్య ఓడెక్కి టాస్మేనియా చేరాయి. అక్కడి సంతానం 1867లో ఇక్కడికొచ్చింది. దాన్నెవరూ 48 గంటలు ఆరబెట్టలేదు. పైగా గోర్ ఊళ్లో దానికి నిలువెత్తు బొమ్మ పెట్టారు. ఇక డిడిమో సంగతికొస్తే, 2014లో ఇద్దరు శాస్త్రజ్ఞులు, ఉత్తర అమెరికాలో దాన్ని ఎవరూ మోసుకురాలేదనీ, ముందే అక్కడున్నది ఫాస్ఫరస్ తగ్గడంతో విజృంభించిందనీ వాదించారు. అక్కడి వెర్మాంట్ రాష్ట్రం 2011లో ఫెల్ట్ మీద పెట్టిన నిషేధాన్ని 2016లో ఎత్తేసింది. ఈ సంగతి ఎడమవాడికి గట్టిగా వినిపించాను. కానీ అది అక్కడి మాట. ఈ దీవికి డిడిమో బయటి నుంచి వచ్చిందే.

ముసలాయన ఇప్పుడు మేకులు దిగేసిన రబ్బరు అడుగుల బూట్లు వేస్తున్నాడు. మొదటి ఏడు మటౌరా నదిలో రెండుసార్లు పడ్డాడు. ఒకసారి పడ్డాడని విన్నప్పుడు నాకు సంతోషమే వేసింది. రెండోసారి మోచేతికి కట్టుతో వచ్చాక వెయ్యలేదు.

నాకు మిగిలిన పని ఒకటే. ఏడాదికోసారి రేకుల కప్పు మీద పాచి గీకడానికి నన్ను తొడుక్కుంటాడు. కిందటి చలికాలం మనవడు నిచ్చెన పట్టుకుని, ‘‘తాతా, ఇవి వేసుకోకూడదు కదా?’’ అన్నాడు.

‘‘ఏట్లోరా. కప్పు మీద కాదు.’’

దిగేసరికి నా అడుగంతా పచ్చటి పాచి. కప్పు మీది పాచి ఏ నదిని పాడుచేస్తుంది? ఆయన మాత్రం ఏమీ అనకుండా బక్కెట్టు తెచ్చాడు. వేణ్ణీళ్లు, సబ్బు. నానబెట్టి, పిండి, ఎండ తగిలే కిటికీలో పెట్టాడు. మర్నాడు సాయంత్రం వచ్చి నా అడుగును బొటనవేలితో నొక్కి చూశాడు. ఇంకా తడే. లెక్క మొదలుపెట్టలేదు.