తూకం

కొడుకు ఉండేది అమెరికాలో, డాలస్ పక్కనున్న ఫ్రిస్కోలో. మనవడి పుట్టినరోజుకు బియర్డెడ్ డ్రాగన్ పిల్లను కొనిచ్చారు. రెండు నెలల పిల్ల. తోకతో కలిపి కొలిచినా జానెడు లేదు. అదే వారం రాజమండ్రి నుంచి నాన్నమ్మ వచ్చింది.

గాజుపెట్టెలో దాన్ని చూసి ఆవిడ, "తొండ కదరా ఇది!" అంది. మనవడు పుస్తకం తిరగేసి నిజమేనన్నాడు. మన పెరటి తొండా, ఆస్ట్రేలియా ఎడారి జాతికి చెందిన ఈ డ్రాగనూ ఒకటే కుటుంబం, అగామిడే.

పెట్టెలో ఒక మూల 105 డిగ్రీల ఫారెన్‌హీట్ వేడి ఉండాలి. రెండో మూల చల్లగా ఉండాలి. ఎముకలు గట్టిపడడానికి అతినీలలోహిత కిరణాలిచ్చే దీపం వేరే కావాలి. పురుగుల మీద కాల్షియం పొడి చల్లి పెట్టాలి. పెట్టే పురుగు దాని రెండు కళ్ల మధ్య దూరాన్ని మించకూడదు. ఇంటిల్లిపాదీ ఇవన్నీ నేర్చుకున్నారు.

దుకాణంలో అది కీచురాళ్లు తిని పెరిగింది. ఇంట్లోనూ అవే పెట్టారు. పెరిగి పెద్దవైతే అవి రాత్రంతా అరుస్తాయి. డబ్బా కంపు కొట్టేది. రెండు తప్పించుకుని సోఫా కిందికి దూరాయి. తినగా మిగిలినవి రాత్రిపూట నిద్రపోతున్న డ్రాగన్‌నే కొరుకుతాయని ఎక్కడో చదివి, కోడలు వీటిని మార్చేద్దామంది.

కొడుకు డూబియా బొద్దింకలు తెప్పించాడు. అవి అరవవు. పెద్దగా వాసన రాదు. నున్నటి గోడ ఎక్కలేవు. వాటిలో కండ కూడా ఎక్కువే. మనవడు ఐదింటిని పెట్టెలో వేశాడు. డ్రాగన్ వాటివైపు చూడలేదు. మర్నాడూ చూడలేదు.

సరీసృపాలను చూసే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లారు.

"కీచురాయి గెంతుతుంది. బొద్దింక బెదిరితే కదలకుండా ఉండిపోతుంది. కదలని పురుగు తిండి అని దీనికి తెలియదు" అన్నాడాయన. "పైగా కొత్త ఇల్లు, కొత్త వెలుతురు, కొత్త మనుషులు. తిండి కూడా ఇప్పుడే మారిస్తే తట్టుకోలేదు. రెండు వారాలు పాత తిండే పెట్టండి. తర్వాత పది కీచురాళ్లకు ఒక బొద్దింక కలపండి. తింటే రెండు చేయండి. పస్తు పెట్టి మాత్రం అలవాటు చేయకండి. వారానికోసారి తూకం వేయండి. ఒంట్లో ఎలా ఉందో అది నోరు తెరిచి చెప్పుకోలేదు కదా."

వంటింట్లో గ్రాములు చూపే త్రాసు ఉంది. సరీసృపాల నుంచి సాల్మొనెల్లా అంటుకుంటుందని కోడలు దాన్ని ముట్టనివ్వలేదు. డ్రాగన్‌కు వేరే త్రాసు కొన్నారు. ప్రతి ఆదివారం పొద్దున దాన్ని తూచి, మనవడు నోటుపుస్తకంలో రాసేవాడు. మొదటి ఆదివారం 24 గ్రాములు.

వంటింటి త్రాసు ఓట్స్‌కి. నాన్నమ్మకు బీపీ, కాస్త షుగరు. వచ్చిన మర్నాటి నుంచే అన్నం, ఆవకాయ మానిపించారు. పొద్దున 40 గ్రాముల ఓట్స్, మధ్యాహ్నం కీన్వా, రాత్రికి సూపు.

"నాలుగు రోజులు కష్టంగా ఉంటుందమ్మా. తర్వాత అదే అలవాటైపోతుంది" అన్నాడు కొడుకు.

"అలాగే నాయనా" అంది ఆవిడ.

మూడో వారం కీచురాళ్లలో బొద్దింకను కలిపారు. మనవడు దాన్ని పట్టకారుతో పట్టుకుని డ్రాగన్ కళ్లముందు ఆడించాడు. అది తల పక్కకు వాల్చి చూసింది, నాలుక చాచి అందుకుంది. మర్నాడు రెండు పెట్టారు. నాలుగో వారం నాలుగు.

ఆ ఆదివారం తూకంలో 3 గ్రాములు తగ్గింది.

కొడుకు సోమవారం సెలవు పెట్టాడు. డాక్టరు నోటుపుస్తకం చూసి తొందరపడ్డారన్నాడు. మళ్లీ మొదటికొచ్చి, వారంపాటు కీచురాళ్లే పెట్టారు. ఈసారి రెండు మూడు రోజులకొకటి చొప్పున బొద్దింకలు పెంచారు. నున్నటి గిన్నెలో వేసి, అవి దాక్కోకుండా చూశారు. డ్రాగన్ తినేదాకా ఎవరో ఒకరు పక్కనే కూర్చునేవారు.

పురుగు ఏం తింటే దాన్ని తిన్న జీవికి అదే చేరుతుంది. అందుకని బొద్దింకలకు క్యారెట్లు, నారింజ తొనలు పెట్టాలి. ఆ పని నాన్నమ్మ చేసేది. పొద్దున్నే ముక్కలు సన్నగా తరిగి డబ్బాలో వేసేది. మధ్యాహ్నం కూర్చుని జాకెట్లు బిగుతు చేసుకునేది. సూదిలో దారం మనవడు ఎక్కించేవాడు.

మూడో నెలకు డబ్బాలో కీచురాయి లేదు. డ్రాగన్ బొద్దింకలే తింటోంది. ఆ తగ్గుదల తర్వాత నోటుపుస్తకంలో ఏ వారం అంకె చూసినా ముందు వారం కంటే పెద్దదే. ఆరో నెలలో 290 గ్రాములు దాటింది. డాక్టరు చూసి, ఇంత శ్రద్ధగా పెంచేవాళ్లు అరుదన్నాడు.

ఆరు నెలల గడువు ముగిసి నాన్నమ్మ తిరుగు ప్రయాణమైంది. పెట్టెలు రెండు. ఒక్కోటి 23 కిలోలు మించకూడదు. కొడుకు కొక్కెం త్రాసుకు తగిలించి చూశాడు. ఒకదాంట్లో అరకిలో ఎక్కువుంటే తీసి రెండోదాంట్లో సర్దాడు. రెండూ సరిపోయాయి.

రాజమండ్రి చేరిన వారానికి ఆవిడ బీపీ మాత్రల కోసం ఎప్పుడూ చూపించుకునే డాక్టరు దగ్గరికి వెళ్లింది. కాంపౌండరు బరువు మిషను ఎక్కించి చీటీ మీద 52 అని రాశాడు. డాక్టరు పాత చీటీ తీశాడు. వెళ్లేముందు 61.

"తొమ్మిది కిలోలు తగ్గారమ్మా! ఆరు నెలల్లో అక్కడ ఎవరూ బరువు చూడలేదా?"

"చూడకేం బాబూ, ప్రతి ఆదివారం చూసేవారు" అంది ఆవిడ. "తొండది."