మంచుకి పెళ్ళిచూపులు

నూరు అబద్ధాలాడైనా ఒక పెళ్ళి చెయ్యమన్నారు పెద్దలు. ఈ సామెత స్కీ రిసార్టులవాళ్ళకి ఎవరు చెప్పారో గానీ బాగానే వంటబట్టింది. రాత్రి ఎన్ని అంగుళాల మంచు పడిందో పొద్దున్నే ప్రకటించేదీ వాళ్ళే, ఆ మంచుమీద జారడానికి టికెట్టు అమ్మేదీ వాళ్ళే. జిన్‌మన్, జిట్జెవిట్జ్ అనే ఇద్దరు అమెరికన్ ఆర్థికవేత్తలు ఈ ప్రకటనల్ని వాతావరణ కేంద్రాల లెక్కల పక్కన పెట్టి చూసి 2016లో ఒక పరిశోధనా వ్యాసం అచ్చేశారు. రిసార్టులు చెప్పే కొత్త మంచు శని, ఆదివారాల్లో 23 శాతం పెరిగేదట. ఆకాశానికి వారాలు తెలియవు. మరెవరికి తెలుసో చెప్పక్కర్లేదు. ఫోన్లో ఒక యాప్ వచ్చి, కొండమీదున్న జనమే అక్కడి సంగతి అప్పటికప్పుడు రాయడం మొదలెట్టాక ఈ ఉదారత తగ్గిందని కూడా వాళ్ళే తేల్చారు.

కనక మధ్యవర్తి మాట నమ్మకుండా పిల్లని మన కళ్ళతో మనం చూసుకోవాలి. దానికే కొండమీద కెమెరాలు. సియాటిల్ దగ్గరున్న మాకు స్నోక్వాల్మీ, స్టీవెన్స్ పాస్, క్రిస్టల్ మౌంటెన్ అని మూడు సంబంధాలు అందుబాటులో ఉన్నాయి. చలికాలమంతా మూడింటినీ ఫోన్లో చూస్తూనే ఉంటాను. ఏదీ ఖాయం కాదు.

అన్నిట్లోకీ నా నిద్ర పాడుచేసేది కొలకర్ర కెమెరా. గాలి అంతగా తగలని చోట ఒక పలక, దానిమీద అంగుళాల గీతలున్న కర్ర, ఎదురుగా కెమెరా. అంతే సరంజామా. రోజుకోసారి ఎవరో వచ్చి పలకమీద మంచు తుడిచేసి వెళతారు, ఆ తర్వాత పడినదే ఆ రోజు లెక్క. రాత్రి పదింటికి చూస్తే రెండంగుళాలు. పన్నెండింటికి నాలుగు. రెండింటికి ఏడు! ఇంక ఆగలేక స్కీలు, బూట్లు కార్లో పడేసి వచ్చి, తెల్లవారుజామున ఐదింటికి మళ్ళీ చూస్తే సున్నా. కరిగిపోయిందా? గాలికి కొట్టుకుపోయిందా? గుండె చిక్కబట్టుకుని వెతికితే చివరికి తేలిందేమిటంటే, తుడిచేవాడు వచ్చి వెళ్ళాడు.

విజయవాడ నుంచి వచ్చిన మా అమ్మ మంచినీళ్ళకని లేచి ఇదంతా చూసింది.

“ఒరేయ్, రాత్రంతా ఆ కర్రకి కాపలా ఏమిట్రా? ఎవరన్నా ఎత్తుకుపోతారా?”

ఈ విద్యలో మెళకువలు చాలా ఉన్నాయి. తెర తెల్లగా కనిపించగానే సంబరపడకూడదు. అది మంచు కావచ్చు, పొగమంచు కావచ్చు, కెమెరా అద్దానికి అంటుకున్న ఒకే ఒక్క ముద్ద కావచ్చు. మూలన ఉన్న టైము చూడాలి. కెమెరా మొరాయిస్తే నిన్నటి బొమ్మే ఇవాళా నవ్వుతూ నిలబడుతుంది. లిఫ్టు కుర్చీలు ముందుకి సాగకుండా ఉన్నచోటే ఊగుతున్నాయంటే పైన ఈదరగాలి. అన్నిటికంటే కష్టం వానని పసిగట్టడం. స్నోక్వాల్మీ కనుమ ఎత్తు 3,022 అడుగులే. రెండు డిగ్రీలు అటూఇటూ అయితే చాలు, మంచు కాస్తా వానవుతుంది. వాన చినుకులు కెమెరాలో సరిగా కనపడవు. అందుకని తెలిసినవాడు కొండ చూడడు, రోడ్డు చూస్తాడు. ఐ-90 మీద రాష్ట్ర రవాణా శాఖవారు పెట్టిన కెమెరాల్లో తారు నల్లగా తళతళలాడుతోందంటే ముసుగుతన్ని పడుకోవచ్చు. ఒకవేళ మంచే పడినా అది నీరోడుతూ బరువుగా ఉంటుంది. ఇక్కడివాళ్ళు ముద్దుగా కాస్కేడ్ కాంక్రీట్ అంటారు.

మంచుకి కరువున్న ప్రాంతమా అంటే అదీ కాదు. ఈ రాష్ట్రంలోనే ఉన్న మౌంట్ బేకర్ దగ్గర 1998–99లో ఒక్క సీజనులో 1,140 అంగుళాలు పడి ప్రపంచ రికార్డయింది. అంటే 95 అడుగులు. అక్కడ కొలకర్ర సంగతి తర్వాత, ముందు కెమెరాని తవ్వి తీయాలి.

ఆస్ట్రియా, స్విట్జర్లాండుల్లో కొండ కెమెరాల దృశ్యాలని పొద్దున్నే జానపద సంగీతం జోడించి టీవీలో వేస్తారు. అది తలుచుకుని నేనూ ఒకరోజు క్రిస్టల్ మౌంటెన్ కెమెరాని హాల్లో టీవీకి తగిలించాను. కిందంతా మబ్బుల సముద్రం, పైన నీలాకాశం, ఎదురుగా 14,410 అడుగుల రెయినియర్ పర్వతం. చలికాలంలో చల్లగాలి లోయల్లో బరువుగా పేరుకుని, పైన వెచ్చగాలి మూతేస్తే ఇలా అవుతుంది. ఊళ్ళో ఉన్నవాళ్ళకి ముసురు, కొండెక్కినవాళ్ళకి ఎండ. కొత్త మంచు మాత్రం అంగుళం కూడా లేదు. ఛానల్ మార్చబోయాను.

“ఉంచరా! అంత ఎండ ఎక్కడరా అది?” అంది అమ్మ, కాఫీ గ్లాసు కింద పెట్టేసి. వచ్చిన దగ్గర్నుంచీ ఆవిడ సూర్యుణ్ణి చూసింది లేదు.

“రెండు గంటల ప్రయాణమమ్మా. పైకి గాండోలా ఎక్కాలి.”

“స్కీయింగు రానివాళ్ళని ఎక్కనిస్తారా?”

“ఊరికే చూసి రావడానికీ ఎక్కిస్తారు.”

ఆవిడ టీవీ దగ్గరికెళ్ళి, ఎండ పడుతున్న వాలునంతా చూపులతోనే కొలిచింది.

“అయితే రాత్రికి మినప్పప్పు నానబోస్తాను. వడియాలు పెట్టుకొద్దాం. నువ్వా కర్ర కాస్త పక్కకి జరపమని చెప్పు.”