దుబాయ్‌కి మాచర్ల గాలి

2024 ఆగస్టు 27. దుబాయ్‌లోని ఐసీసీ ఛైర్మన్ పదవికి నామినేషన్ల గడువు ముగిసింది. వచ్చింది ఒక్కటే, అప్పటి బీసీసీఐ కార్యదర్శి జై షాది. 35 ఏళ్లకే అంత పదవా అని లోకం నోరెళ్లబెట్టింది గానీ పల్నాడు మాత్రం ఆవులించింది. 2021లో మాచర్ల పురపాలికలో 31 వార్డులు, పిడుగురాళ్లలో 33 వార్డులు ఇలాగే పోటీ లేకుండా తేలాయి మరి! కాకపోతే మన దగ్గర నామినేషన్ పత్రం ఆఫీసు గడప దాకా చేరడమే గండమని ప్రతిపక్షం లబలబలాడింది. దుబాయ్‌లో ఆ శ్రమ ఎవరూ పడలేదు. బీసీసీఐ ఖజానాను ఓసారి తలుచుకుంటే చాలు, బరిలో దిగాలనుకున్నవాడికి నడుం పట్టేస్తుంది.

మన ఆంధ్రా క్రికెట్ సంఘం తక్కువ తిన్నదా? అదే 2024 జూన్‌లో రాష్ట్ర ప్రభుత్వం మారింది, ఆగస్టులో పాత కార్యవర్గం రాజీనామా చేసింది, సెప్టెంబరులో అధ్యక్షుడిగా ఎంపీ కేశినేని చిన్ని ఏకగ్రీవం. అమాయకులంటే అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీవాళ్లే. ఏడుగురిని బరిలో ఉంచి, ఓట్లు లెక్కపెట్టి మరీ కిర్స్టీ కొవెంట్రీని అధ్యక్షురాలిగా ఎన్నుకున్నారు.

అన్నట్టు, 2021లో ఏకగ్రీవ పంచాయతీలకు జనాభాను బట్టి సర్కారు 5 నుంచి 20 లక్షల నజరానా ప్రకటించింది. ఐసీసీ దరఖాస్తు పెట్టుకున్నా లాభం లేదు. ఉన్నవే 16 ఓట్లు, 5 లక్షలకు మించి రాదు!