అడుగు చూడవలయు: పాత బండి పద్యానికి టీకా తాత్పర్యం

మూలం:

అడుగు చూడవలయు, నందాల బంపరు
మురిసి మెరుపు చూచి మోసపోకు;
లాగుటొకటె కాదు, లాగినదాగునా?
ఉప్పు తిన్న యినుమదొప్పుకోదు.

అవతారిక: ఎలవూరు మద్రాసు–కలకత్తా రహదారి మీద, గుమ్మిడిపూండికీ ఆరంబాకానికీ నడుమ ఉంది. తూర్పున పులికాటు, పడమటి దిక్కున దూరంగా నాగలాపురం కొండలు, ఉత్తరాన ఆంధ్ర సరిహద్దు. దానికి కాపలాగా చెక్‌పోస్టు. తడ దగ్గరి శ్రీసిటీలో 2016 ఏప్రిల్ నుంచి ఇసుజు వాళ్లు వి-క్రాస్ అనే ఫోర్‌వీల్ పికప్పు తయారుచేస్తున్నారు. ఇవాళ పులికాటులో పడవ దింపడానికీ, రేపు స్పితి లోయకు గుడారం లాక్కుపోవడానికీ ఒకే బండి కావాలి, అదీ సెకండ్ హ్యాండులో కావాలి అనుకునే గృహస్థుకు దారి చూపడం ఈ పద్యానికి ప్రయోజనం. ఛందస్సు ఆటవెలది. సీసం ఎత్తుకోకపోవడం కవి వివేకం. అంతసేపు వినే బ్రోకరు లేడు.

ప్రతిపదార్థం: అడుగు = చాసిస్, యాక్సిళ్లు, ట్రాన్స్‌ఫర్ కేసు, కమాన్ పట్టీలు మొదలైన కింది భాగాన్ని; చూడవలయున్ = చాప పరిచి, వెల్లకిలా పడుకుని, టార్చి వేసి పరిశీలించాలి (వంగి చూసింది చూపు కాదని మేస్త్రీల మతం); అందాల బంపరు మెరుపు = కొత్తగా బిగించిన ఇనప బంపరు తళతళను; చూచి మురిసి = ఫోటో తీసి బావమరిదికి పంపి; మోసపోకు = అడ్వాన్సు ఇచ్చేయకు; లాగుట ఒకటె కాదు = ట్రైలరును కదిలించగానే సరిపోదు; లాగినది = అట్లు లాగిన బండి; ఆగునా = దిగుడులో నిలబడుతుందా; ఉప్పు తిన్న = వెనక చక్రాలు ఉప్పునీట మునిగిన; ఇనుము అది = ఆ ఇనుము; ఒప్పుకోదు = తుప్పును బయటపెట్టదు.

విశేషాలు: "అడుగు" అంటే "ప్రశ్నించు" అని కొందరు అర్థం చెప్పి, యజమానిని అడిగితే చాలన్నారు. ఇది బ్రోకర్ల వ్యాఖ్య, గ్రాహ్యం కాదు. అడిగితే వచ్చే సమాధానం అందరికీ తెలిసిందే: "అన్నా, డాక్టరు వాడిన బండి, మట్టిలో దిగనే లేదు." మట్టిలో దిగని ఫోర్‌వీల్ బండిని ఆ డాక్టరు ఎందుకు కొన్నాడో ఏ వ్యాఖ్యాతా తేల్చలేదు.

పడవను నీళ్లలోకి దింపాలంటే బండిని వెనక్కి నడిపి ట్రైలరును ముంచాలి. ఆ వేళ వెనక యాక్సిల్, బ్రేక్ డ్రమ్ములు, చాసిస్ తోక ఉప్పునీళ్లు తాగుతాయి. ఇంటికొచ్చి మంచినీళ్లతో కడిగినవాడి బండి బతుకుతుంది. కడగనివాడి బండిలో ఉప్పు చాసిస్ పెట్టె లోపల చేరి, బయటికి తెలియకుండా తింటుంది. చిన్న సుత్తితో కొడుతూ పోవాలి. గట్టి ఇనుము ఖణేలుమంటుంది, తిన్న ఇనుము డబ్బుమంటుంది. అడుగున నిన్ననే వేసిన నల్లరంగు కనిపిస్తే దాన్ని అలంకారంగా కాక నేరాంగీకారంగా గ్రహించాలి. డిఫరెన్షియల్ నట్టు విప్పించి ఆయిలు చూడాలి. పాలు కలిపిన టీ రంగులో ఉంటే లోపలికి నీళ్లు పోయాయన్నమాట. అప్పుడు బేరింగుల సంగతీ అనుమానమే.

"బంపరు" పదం ఉపలక్షణం. విన్‌చి, పైన దీపాల వరుస, ఎత్తు పెంచిన స్ప్రింగులు అన్నీ ఇందులో చేరతాయి. బుల్ బార్లు నిషిద్ధమని 2017 డిసెంబరులో కేంద్ర రవాణా శాఖ రాష్ట్రాలకు రాసింది. కంపెనీ ఇచ్చిన రూపాన్ని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు, మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ మీద తీర్పు చెప్పింది. కాబట్టి ఆ మెరుపుకు ఎక్కువ ధర కట్టడం అంటే విప్పించే కూలి ముందుగా చెల్లించడమే.

"లాగినదాగునా" అనేది పద్యానికి ప్రాణం. "లాగినది, ఆగునా" అని విడదీస్తే బ్రేకుల ప్రశ్న. ఫోర్‌వీల్ లివరు ఎక్కడానికి సాయం చేస్తుంది గానీ ఆపడానికి కొత్త బ్రేకులేమీ తగిలించదు. బ్రేకుల్లేని ట్రైలరు బరువంతా బండి బ్రేకుల మీదే పడుతుంది. హుక్కు చాసిస్‌కు బిగించి ఉండాలి, బంపరుకు కాదు. ట్రైలరు బరువులో పదో వంతు హుక్కు మీద పడేలా సామాను సర్దకపోతే వెనకది పాములా ఊగుతుంది. "లాగిన, దాగునా" అని విడదీస్తే మరో అర్థం: బరువు లాగించి చూస్తే లోపం దాగుతుందా అని. క్లచ్చు జారడం, ఇంజను వేడెక్కడం, సైలెన్సరు నల్లగా కక్కడం, అన్నీ పది నిమిషాల్లో బయటపడతాయి. రెండర్థాలూ కవికి ఇష్టమే అనిపిస్తుంది.

శంక: ఫోర్‌వీల్ పనిచేస్తోందని రోడ్డు మీదే చూపిస్తానంటే? సమాధానం: వద్దు. ఈ తరహా పాత బండ్లలో ఎక్కువ వాటికి నడుమ డిఫరెన్షియల్ ఉండదు. లివరు వేస్తే ముందూ వెనకా ఒకే వేగానికి కట్టుబడతాయి. మలుపులో ముందు చక్రాలు ఎక్కువ దూరం తిరగాలి. ఆ తేడా ఇసుకలో జారిపోతుంది, తారు మీద పోయే దారి లేక ఇరుసులు బిగుసుకుంటాయి. పరీక్ష ఇసుకలోనే చేయాలి, "ఫోర్ లో" కూడా వేయించాలి. చాలా బండ్లలో అది చక్రాల దగ్గరి బలాన్ని రెండు, రెండున్నర రెట్లు పెంచుతుంది. పడవను గట్టుకు ఎక్కించేది అదే. పైకి ఒకేలా కనిపించే టూవీల్ బండ్లూ ఉంటాయి, చూసుకోవాలి. వి-క్రాస్ పక్కన ఎస్-క్యాబ్ అలాంటిదే.

శంక: మరి ఏ బండి? జిప్సీ 1985లో వచ్చింది. పెట్రోలు బండి, తేలిక, ఇసుకలో దిగబడదు. కానీ టన్నుకు అటూ ఇటూ ఉన్న ఒళ్లు; దాని వెనక అంత బరువే తగిలిస్తే దిగుడులో వెనకది ముందుదాన్ని తోస్తుంది. 2010 నాటి థార్ సీఆర్‌డీఈకి 2.5 లీటర్ల డీజిలు ఇంజను, 247 న్యూటన్ మీటర్ల లాగు. మేస్త్రీ ప్రతి ఊళ్లో దొరుకుతాడు. గూర్ఖా బండి డిఫరెన్షియల్ లాకులు గొప్పవి, ఒకసారి నేర్చుకుంటే బురద భయం ఉండదు. లాగడమే ముఖ్యమైతే నా ఓటు 2.5 లీటర్ల వి-క్రాస్‌కే: 320 న్యూటన్ మీటర్లు, పొడుగాటి ఒళ్లు, ట్రైలరు ఊపును ఓర్చుకుంటుంది. స్పితి సన్న మలుపుల్లో మాత్రం ఆ పొడుగే శాపం.

కాగితాల ప్రస్తావన మూలంలో లేదు గానీ ఎలవూరులో అది చెప్పకుండా కుదరదు. 1960 ఏప్రిల్ 1న సరిహద్దు మారి తిరుత్తణి అటు మద్రాసుకు, సత్యవేడు ఇటు ఆంధ్రకు పోయాయి. చుట్టాలు రెండువైపులా మిగిలారు, బండ్లూ అంతే. సత్యవేడు మామ బండి ఎంత మామదైనా ఫారం 28 మీద ఎన్.ఓ.సి. తేవాలి, తమిళనాడులో పన్ను మళ్లీ కట్టాలి. ట్రైలరు కూడా చట్టం దృష్టిలో వేరే వాహనమే. దానికీ విడిగా రిజిస్ట్రేషను ఉండాలి. పదిహేనేళ్లు నిండిన బండి ఆర్సీ ఐదేళ్లకోసారి రెన్యువలు. టైరు పక్కన నాలుగంకెలు కూడా చదవాలి; 2318 అంటే 2018లో 23వ వారం పుట్టిందని.

ధర విషయంలో మూలం మౌనం. పశువుల సంతలో తువాలు కింద వేళ్లు పట్టుకుని కుదుర్చుకునే సంప్రదాయం వల్ల కాబోలు, పూర్వులెవరూ అంకె రాయలేదు. నవీనులు మాత్రం కింద కనిపించిన ప్రతి లోపానికీ మరమ్మతు ఖర్చు కట్టి, నాలుగు టైర్ల వెల కలిపి, చెప్పిన ధరలోంచి తీసేయమంటారు. అప్పుడు బ్రోకరు "అట్లైతే బండి నేనే ఉంచుకుంటాలే అన్నా" అంటే బేరం సరైన చోటికి వచ్చిందని గుర్తు.