నాలుగో కథ ముగింపు

విజయవాడ పుస్తక మహోత్సవం 1989లో మొదలైంది. కొత్త సంవత్సరంతోపాటే వచ్చే ఆ పండగ చాలా ఏళ్లు బందరు రోడ్డు పక్కన స్వరాజ్ మైదానంలోనే జరిగింది. ఇప్పుడక్కడ 125 అడుగుల అంబేడ్కర్ విగ్రహం ఉంది. ఈ సంగతి అది ఇంకా ఖాళీ మైదానంగా ఉన్న రోజులది.

దివిసీమ నుంచి ఒక అమ్మాయి వచ్చింది. ప్రైవేటు స్కూల్లో తెలుగు టీచరు. మొదటి కథల పుస్తకం అప్పుడే అచ్చయింది. మన దగ్గర కొత్తవాళ్ల పుస్తకం ఎలా వస్తుందో తెలిసిందే. కాగితం ఖర్చు, ప్రెస్సు ఖర్చు, బైండింగు ఖర్చు చాలావరకు రాసినవాళ్లే పెట్టుకోవాలి. ఈ అమ్మాయి నెలనెలా జీతంలో కొంత దాచి, అదీ చాలక మెడలో గొలుసు తాకట్టు పెట్టి అయిదొందల కాపీలు వేయించింది. కొత్త రచయిత చేతుల్లోంచి ఉచితంగా పుస్తకం అందుకునే ప్రతివాళ్లకూ ఆ గొలుసు సంగతి తెలియాలని నా కోరిక.

ఆ సంపుటికి నాలుగో కథే ప్రాణం. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చి దీవిని ముంచేసిన రాత్రి కొట్టుకుపోయిన కొడుకు కోసం ఎదురుచూసే ముసలమ్మ కథ. శవం దొరకలేదు. దొరకలేదు కాబట్టి పోలేదంటుంది ఆవిడ. ఏళ్లు గడిచినా రాత్రిపూట వాడి కంచంలో అన్నం పెట్టి మూత వేస్తుంది. చివరికి ఒక వానరాత్రి తలుపు చప్పుడవుతుంది. ముందుమాట రాసిన లెక్చరరుగారు, నాలుగో కథ ముగింపు దగ్గర పాఠకుడు ఊపిరి బిగబట్టి ఆగిపోతాడని రాశారు. ఆ అమ్మాయి చిన్నప్పటినుంచి దీవిలో ఇలాంటి తల్లుల మధ్యే పెరిగింది. ఆ ముగింపు ఎన్నిసార్లు తిరగరాసిందో ఆమెకే తెలియదు.

బైండరు దగ్గరినుంచి ఒక కట్ట మోసుకొచ్చి, స్టాళ్లకు రాత్రి కాపలా ఉండే పెద్దమనిషి దగ్గర పెట్టుకుంది. అందులోంచి మూడు పుస్తకాలు తీసి, వణికే చేత్తో సంతకం చేసి, ముగ్గురికి ఇచ్చింది. ఒకరు విమర్శకుడు, ఒకరు కవయిత్రి. మూడో ఆయన్ని చూడటానికే ఆమె అసలు బెజవాడ వచ్చింది. అవనిగడ్డలో చదువుకునే రోజుల్లో ఆయన కథల పుస్తకం కొనుక్కునే స్తోమత లేక, లైబ్రరీలో కూర్చుని నోటుబుక్కులోకి ఎక్కించుకుంది. వాక్యం ఎక్కడ ఆపాలో ఆ ఎక్కించుకోవడంలోనే నేర్చుకుంది. ఆయన కాళ్లకు దండం పెడితే తలమీద చెయ్యి వేసి, "తప్పకుండా చదువుతానమ్మా" అన్నారు. ఆ మాటకే ఆమెకు కడుపు నిండిపోయింది.

కట్ట కాపాడుతున్న పెద్దాయన, "నువ్వు రాసిందేనా టీచరమ్మా?" అని అడిగితే ఆయనకూ ఒకటి ఇచ్చింది.

ఆఖరి రోజు సాయంత్రం సభ. కొత్త కథకుల గురించి మాట్లాడుతూ విమర్శకుడు ఆమె పేరెత్తి, శిల్పం తెలిసిన పిల్ల అన్నారు. కవయిత్రి వేదిక దిగుతూ దగ్గరికి తీసుకుని, "అన్నీ చదివాను తల్లీ, ఏడిపించావు" అన్నారు. ఇక ఆమె ఆరాధించే రచయిత మైకు ముందుకొచ్చి జేబులో చీటీ చూసుకుని అన్నారు: "ఈ అమ్మాయి నాలుగో కథ ముగింపు దగ్గర ఊపిరి బిగబట్టి ఆగిపోయాను. ఆ ముగింపు రెండుసార్లు చదివాను. ఇంతకంటే చెప్పడానికేమీ లేదు." మైదానమంతా చప్పట్లు. ఆ అమ్మాయి పక్కకెళ్లి వాళ్ల నాన్నకు ఫోన్ చేసింది కానీ ఏడుపు తప్ప మాట రాలేదు.

స్టాళ్లు విప్పేస్తుండగా కట్ట తీసుకోవడానికి వెళ్లింది. కాపలా పెద్దాయన పుస్తకం చంకలో పెట్టుకుని నిలబడి ఉన్నాడు.

"టీచరమ్మా, మాదీ దీవేనమ్మా, నాగాయలంక పక్కన. మా పెద్దమ్మ కూడా ఇలాగే కంచం పెట్టేది. ఇంతకీ తలుపు కొట్టింది ఎవరమ్మా? కొడుకేనా?"

"అదేంటి బాబాయ్, కథ పూర్తి చెయ్యలేదా?"

"మూడు రాత్రులు చదివానమ్మా. తలుపు చప్పుడైన కాడికి 64 అయిపోయింది. పేజీ తిప్పితే మళ్లీ 49 వచ్చింది. సరేనని అదీ చదివాను. ఈసారి 64 అయ్యాక 81 వచ్చింది, అందులో వేరే కథ. నాకు చదవడం సరిగ్గా రాదు కదా, నేనే ఎక్కడో తప్పిపోయానేమో అనుకున్నాను."

పదహారు పేజీలు కలిపి ఒక ఫారం. ఫారాలు వరసగా పేర్చి కుడితే పుస్తకం. పేర్చేటప్పుడు చెయ్యి పొరపాటున నాలుగో ఫారమే రెండుసార్లు పడి, అయిదోది పడలేదు. 65 నుంచి 80 దాకా, అంటే నాలుగో కథ ముగింపంతా, ఆ పుస్తకంలో లేనే లేదు.

తలుపు తీస్తే ఎవరున్నారో ఆ అమ్మాయి అక్కడే నిలబడి ఆయనకు చెప్పింది. ఆయన కండువాతో కళ్లు తుడుచుకున్నాడు. తర్వాత ఆమె కట్టలో మిగిలిన పుస్తకాలన్నీ ఒక్కొక్కటే విప్పి చూసింది. ప్రతిదాంట్లోనూ 64 తర్వాత 49, మళ్లీ 64 తర్వాత 81.

విమర్శకుడికీ, కవయిత్రికీ, ఆ మహారచయితకూ సంతకం చేసి ఇచ్చినవి ఆ కట్టలోవే.