బిల్లెట్టు, కోడికాలు

నాకు జీతం ఇచ్చేది వేడికి కాపలా కాసినందుకు. విశాఖపట్నంలో ఒక ఉక్కు మిల్లులో రీహీటింగ్ ఫర్నేస్ దగ్గర ఉద్యోగం. బిల్లెట్టు అనే పొడుగాటి ఉక్కు దిమ్మెని రోలర్ల మధ్య నొక్కి కడ్డీగా సాగదీయాలంటే ముందు దాన్ని 1150, 1200 డిగ్రీల దాకా కాల్చాలి. ఫర్నేస్‌లో ప్రీహీటింగ్, హీటింగ్, సోకింగ్ అని మూడు జోన్లుంటాయి. కొత్తగా చేరిన ట్రైనీలకి నేను చెప్పే మొదటి పాఠం ఈ మూడో దాని గురించే. "పైన ఎర్రగా కనిపిస్తోంది కదా అని బయటికి లాగేయకండి బాబూ. వేడి పైనుంచి లోపలికి పాకాలి. దానికి టైము కావాలి. తొందరపడి మంట పెంచితే పైన స్కేల్ అనే పెచ్చు కడుతుంది తప్ప నడిమధ్య అలాగే ఉంటుంది. అలాంటి బిల్లెట్టుని రోలర్లలోకి పంపితే మోటారు మూలుగుతుంది, బార్ పగులుతుంది." ఈ పాఠం మొదలుపెట్టగానే నా గొంతు ఒక మెట్టు పైకి లేస్తుందని, మా షిఫ్టు వాళ్ళు వెనకాల నవ్వుకుంటారని కూడా నాకు తెలుసు.

అలాంటి నేను మా డాబా మీద కోడికాలు కాల్చలేకపోయాను.

హైదరాబాద్ నుంచి మా బావమరిది పిల్లల్తో వచ్చాడు. అందరం బీచ్ రోడ్డులో ఒక హోటలుకి వెళ్ళాం. గ్రిల్ చికెన్ తిన్నాం, బిల్లు చూశాం. "నిప్పుల మీద మాంసం పెట్టినందుకు ఇంత డబ్బా? రేపాదివారం ఇంట్లోనే చేస్తా, చూడు" అన్నాను. మా ఆవిడ నా వంక చూసింది. ఇంట్లో నేను పొయ్యి వెలిగించేది కాఫీ వేడి చేసుకోవడానికి మాత్రమే. "నిప్పు నా సబ్జెక్టు" అని కూడా అన్నట్టున్నాను. బావమరిది మర్చిపోలేదు, ఇప్పటికీ గుర్తు చేస్తుంటాడు.

గ్రిల్లు కొంటే నామోషీ. మాకు తెలిసిన వెల్డింగ్ షాపులో ఖాళీ నూనె డ్రమ్ముని నిలువుగా రెండు ముక్కలు చేయించి, ఒక సగానికి కాళ్ళు పెట్టించాను. లోపల కట్టెలు మండించి, పాత నూనె జిడ్డంతా మాడ్చి వదిలించాం. అక్కడిదాకా బుద్ధి సరిగ్గానే పనిచేసింది. పైన జాలీ కోసం అక్కడే పడున్న మెష్ ముక్క ఒకటి తీసిచ్చాను. ఆ కుర్రాడు దాన్ని గోటితో గీకి, "సార్, ఇది జీఐ. దీని మీద తిండి కాలుస్తారా?" అన్నాడు. జీఐ అంటే ఇనుము మీద జింకు పూత. జింకు 420 డిగ్రీల దగ్గరే కరిగిపోతుంది, బొగ్గు నిప్పు దాన్ని ఎప్పుడో దాటేస్తుంది. జింకు పొగ పీలిస్తే రాత్రికి చలిజ్వరం వస్తుందని వెల్డింగ్ చేసేవాళ్ళకి అనుభవమే. లోహాల చదువు చదివింది నేను, చెప్పింది వాడు. స్టీలు కడ్డీలతో జాలీ కట్టించాను. రెండో సగం డ్రమ్ము ఏం చేయాలని అడిగితే, నాకెందుకు, నువ్వే ఉంచుకో అన్నాను. ఆ మాట దగ్గర కాసేపు ఆగి ఉంటే మిగతా కథ ఉండేది కాదు.

చికెన్ షాపులో పెద్ద పెద్ద లెగ్ పీసులు, బ్రెస్టు ముక్కలు తోలుతోనే తీసుకున్నాను. గాట్లు పెట్టమంటారా అని అడిగాడు. పెడితే రసం కారిపోతుందని ఎక్కడో విన్న జ్ఞానంతో వద్దన్నాను. అల్లం వెల్లుల్లి, పెరుగు, కారం, ఉప్పు, నిమ్మరసం పట్టించాను. మెరుపు కోసం పైన తేనె కూడా పోశాను. "తేనె ఇప్పుడే పోశారేంటి, మాడిపోదూ?" అంది మా ఆవిడ. సంక్రాంతికి అరిసెల పాకం పట్టే మనిషి ఆవిడ. తీపి ఎప్పుడు పాకమవుతుందో, ఎప్పుడు బొగ్గవుతుందో ఆ చేతికి తెలుసు. నేను వీడియో చూశానని చెప్పాను.

బొగ్గులు మా వీధి మలుపులో ఇస్త్రీ బండి దగ్గర తీసుకున్నాను. "రాజుకున్నాక తెల్లగా బూడిద కట్టేదాకా ఆగండి బాబూ. నేనైతే ఈలోగా పెట్టె ముట్టుకోను" అన్నాడు ఆయన. తలూపి వచ్చేశాను. డాబా మీదికి టేబుల్ ఫ్యాన్ పట్టుకెళ్ళి, ఎక్స్‌టెన్షన్ బాక్సు లాగి, కర్పూరం బిళ్ళలు పేర్చి వెలిగించాను. ఫోర్స్‌డ్ డ్రాఫ్ట్ అంటే ఏమిటో పిల్లలకి వివరించాను కూడా. సాయంత్రం మా వైపు సముద్రం గాలి ఎలాగూ వీస్తుంది. దానికి ఫ్యాను తోడయ్యేసరికి నిప్పురవ్వలు లేచి పక్కింటి పిన్నిగారి ఆరేసిన చీరల వైపు పరుగెత్తాయి. ఆవిడ కేకకి ఫ్యాను ఆపాను గానీ బొగ్గులు అప్పటికే డ్రమ్ము నిండా ఎర్రగా లేచి ఉన్నాయి. ఆ ఎరుపు చూస్తే నాకు ఫ్యాక్టరీ గుర్తొచ్చింది, ఒళ్ళు పొంగింది. ముక్కలన్నీ ఒకేసారి జాలీ మీద పరిచేశాను.

తోలు కింద కొవ్వు కరిగి చుక్క చుక్కగా నిప్పుల మీద పడింది. పడ్డ ప్రతి చుక్కా మంటై లేచి ముక్కని నాకింది. గ్రిల్లు అంటే నిప్పుల సెగ మీద కాలాలి. నా ముక్కలు మంటలో కాలుతున్నాయి. తేనె ముందు బుడగలు కట్టింది, తర్వాత నల్లబడింది. మంట తగ్గించడానికి నీళ్ళు చల్లాను. బూడిద ఎగిరి ముక్కలకి అంటుకుంది. బావమరిది ఇదంతా సెల్‌ఫోన్‌లో తీస్తున్నాడు. కెమెరా ఉన్న చోట నేను మామూలుగా ఉండలేను. నిమిషానికోసారి ముక్కల్ని తిప్పుతూ, పటకారుతో నొక్కుతూ, ఏదో ఒకటి చేస్తూనే ఉన్నాను. అసలు ఆ వీడియో లేకపోతే, ముక్కల్ని ఒక పక్కకి జరిపి కాసేపు ఊరుకుందామన్న ఆలోచన వచ్చేదేమో. చూసేవాళ్ళుంటే ఊరుకోవడం ఎంత కష్టం.

ఇక అసలు ఘనకార్యం. నా డ్యూటీ బ్యాగులో ఐఆర్ గన్ ఉంది. గురిపెట్టి మీట నొక్కితే వేడి చెప్పే సాధనం. తెచ్చి ఒక కోడికాలు మీద గురిపెట్టాను. 170 చూపించింది. "చూశారా, 170 డిగ్రీలు! చికెన్‌కి 74 చాలు. రెట్టింపు దాటేసింది!" అని డాబా అంతా వినపడేలా ప్రకటించాను. బావమరిది "సూపర్ బావా" అన్నాడు. ఐఆర్ గన్ చూసేది పైపొర ఒక్కటే, లోపలి సంగతి దానికి తెలియదు. ఈ ముక్క మా ట్రైనీలకి రెండో రోజు పాఠం. 74 నిజమే. అమెరికా వ్యవసాయ శాఖ కోడి మాంసానికి చెప్పే కనీసపు వేడి అదే, వాళ్ళ లెక్కలో 165 ఫారెన్‌హీట్. సాల్మొనెల్లాలాంటి క్రిములు ఆ వేడికి చస్తాయి. కానీ ఆ 74 ఉండాల్సింది ముక్క నడుమ, అన్నిటికంటే మందంగా ఉన్న చోట. నేను కొలిచింది మాడిన తేనెని.

పచ్చి ముక్కలు ఊరిన బేసిన్‌లోనే కాలిన ముక్కలు వేయబోతుంటే మా ఆవిడ చేతిలోంచి లాక్కుని వేరే పళ్ళెం పెట్టింది. వడ్డించాం. మొదట కొరికింది మా మేనకోడలు. కొరికిన చోటే ఆగి, "మావయ్యా, లోపల చల్లగా ఉంది" అంది.

దాని చేతిలోంచి తీసుకుని విడదీశాను. నల్లటి పెంకు కింద సన్నటి తెల్లటి పొర, దాని కింద గులాబీ రంగులో నిగనిగలాడుతూ పచ్చి మాంసం. ఎముక చుట్టూ ఎర్రటి నీరు. సోకింగ్ కాకుండా బయటికి లాగిన బిల్లెట్టుని అడ్డంగా కోస్తే ఎలా ఉంటుందో నేను బోర్డు మీద గీసి చూపిస్తాను. అచ్చం ఆ బొమ్మే.

ఎవరూ ఏమీ అనకముందే మా అమ్మ పళ్ళెంలోకి తొంగి చూసింది. ఆవిడది శ్రీకాకుళం వైపు పల్లె. అక్కడ నాటుకోడిని ఈకలు పీకాక పసుపు రాసి తాటాకు మంట మీద అటూ ఇటూ తిప్పి కాలుస్తారు. మిగిలిన నూగు పోతుంది, తోలు బిగుస్తుంది, ఆ కాలిన వాసన కూరకి పట్టుకుంటుంది. ఆ తర్వాతే కత్తిపీట.

"బాగానే కాల్చావురా. మరి వండవేటి?" అంది.

వెటకారమో కాదో ఇప్పటికీ తేల్చుకోలేకపోయాను. మా ఆవిడ మాత్రం మాట్లాడకుండా పళ్ళెం కిందికి తీసుకెళ్ళి, పైన మాడిన పొర గీకేసి, ముక్కలు కోసి కుక్కర్లో వేసింది. ఇగురు అద్భుతంగా కుదిరింది. పొగ వాసన ఎంత బాగుందో అని అందరూ మెచ్చుకున్నారు. నాకు మాత్రం ముద్ద దిగలేదు.

మర్నాడు ఫర్నేస్ ముందు నిలబడితే పైకప్పు కనిపించింది. ఏళ్ళ తరబడి చూస్తున్నదే. కప్పు లేని ఫర్నేస్ ఎక్కడైనా ఉంటుందా? వేడిని లోపల నిలబెట్టి చుట్టూ తిప్పేది అదే. మూత లేని డ్రమ్ములో ముక్కకి కింది నుంచి మంట, పైనుంచి సముద్రం గాలి. ఇక నడిమధ్యకి వేడి ఎలా చేరుతుంది? 1952లో అమెరికాలో జార్జ్ స్టీఫెన్ అనే ఆయనకీ గాలితోనే పేచీ వచ్చింది. ఇల్లినాయ్‌లో వెబర్ బ్రదర్స్ మెటల్ వర్క్స్‌లో పనిచేసేవాడు. నీళ్ళలో తేలే గుండ్రటి ఇనప బోయాలు తయారుచేసే చోటు అది. ఆయన ఒక బోయాని రెండుగా చేసి కింది సగంలో నిప్పులు పోసి, పై సగాన్ని మూత పెట్టుకున్నాడు. వెబర్ కెటిల్ గ్రిల్ అలా పుట్టింది. ఆయన రెండు సగాలూ ఇంటికి తెచ్చుకున్నాడు. నేను ఒకటి వదిలేసి వచ్చాను.

వెల్డింగ్ షాపుకి పరుగెత్తాను. నా సగం డ్రమ్ములో అప్పటికే మట్టి నింపి కరివేపాకు మొక్క పెట్టేశారు. అది బాగా చిగురించి ఉంది, అడగడానికి మనసు రాలేదు. ఇంకో డ్రమ్ము కోయించుకున్నాను.

ఇప్పుడు బొగ్గులు ఒక పక్కకే పోస్తాను, బూడిద కట్టేదాకా పెట్టె ముట్టుకోని మనిషిలా చేతులు కట్టుకుని కూర్చుంటాను. ముక్కలు నిప్పు లేని పక్కన పెట్టి మూత వేస్తాను. మా ఫర్నేస్‌కి ఇది తలకిందులు. ముందు సోకింగ్, చివర్లో నిప్పుల మీదికి జరిపి రంగు. తేనె పూసేది ఆ చివర్లోనే. పొడుగాటి సూది ఉన్న థర్మామీటరు కొన్నాను, ఎముకకి తగలకుండా మందం ఉన్న చోట గుచ్చుతాను. బ్రెస్టు 74కి రాగానే తీసేయాలి, ఇంకాస్త ఆగితే పీచు పీచవుతుంది. కాలు, తొడ అలా కాదు. వాటిలో కండని పట్టి ఉంచే బంధనాలెక్కువ, 80 దాకా కాలితే అవి బాగా కరిగి మెత్తబడతాయి. అన్నీ ఒకేసారి పెట్టి ఒకేసారి తీసిన నా పద్ధతిలో ఏదో ఒకటి చెడక తప్పదు. ఇంకో సంగతి, 74 దాటాక కూడా ఎముక దగ్గర కాస్త ఎరుపు కనిపిస్తే కంగారు పడక్కర్లేదు. బ్రాయిలర్ కోడిది ఆరు వారాల వయసు, ఎముక ఇంకా గట్టిపడదు, మూలుగ రంగు బయటికి ఊరుతుంది. మేనకోడలికి ఇది ఎన్నిసార్లు చెప్పినా నమ్మదు. నేను చెప్పే డిగ్రీల మీద దానికి గురి పోయింది.

వీడియో ఫ్యామిలీ గ్రూపు దాటి మా షిఫ్టు దాకా వచ్చింది. సోకింగ్ పాఠం మొదలుపెట్టగానే ఒక ట్రైనీ చెయ్యెత్తి, "సార్, కోడికాలు ఉదాహరణతో చెప్తారా?" అన్నాడు. చెప్పాను. నిజం చెప్పొద్దూ, బిల్లెట్టు బొమ్మ కంటే తొందరగా అర్థమైంది వాళ్ళకి.

ఇంట్లో ఇప్పుడు గ్రిల్ చికెన్ బాగానే కుదురుతోంది. బావమరిది కూడా ఒప్పుకున్నాడు. మా అమ్మ మాత్రం ప్లేటు ముందు పెట్టిన ప్రతిసారీ కాలు మొత్తం తిని, ఎముక చీకి పక్కన పెట్టి, చెయ్యి కడుక్కుంటూ అడుగుతుంది. "బాగుందిరా. వండడం ఎప్పుడు?"